చలి ముదిరేలోపు మీ పాత కారు చోక్ ఒకసారి చూసుకోండి

పోయిన ఆదివారం మా బాబాయి ఫియట్ సూర్యాపేట చేరకముందే హైవే పక్కన ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని, 1089 సీసీ ఇంజన్, రెండేళ్లు తిరిగి తిరిగి రెడీ చేయించుకున్న బండి. ముందు టకటకమంది, కాసేపటికి సుత్తితో కొట్టినట్టు చప్పుడు. హైదరాబాద్ తెచ్చాక డిప్‌స్టిక్, అంటే ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాను. ఆయిల్ ఫుల్ గీత దాటి పైకి ఉంది. వేళ్ల మధ్య రుద్దితే జిగురే లేదు, నీళ్లలా జారిపోయింది. ముక్కు దగ్గర పెడితే గుప్పుమని పెట్రోల్ వాసన. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, సంప్ విప్పితే క్రాంక్ ఇరుసును మోసే బేరింగ్ షెల్స్ మీద పూత అరిగి రాగిరంగు బయటపడింది.

"చోక్ ఎలా వాడుతున్నావు బాబాయ్?" అని అడిగాను. "లోపలికి నొక్కితే సిగ్నల్ దగ్గర ఆగిపోతోందిరా. నెల నుంచి ఓ అంగుళం లాగే ఉంచుతున్నా" అన్నాడు. చోక్ అంటే డాష్‌బోర్డు దగ్గర లాగే నాబ్, లాగితే ఇంజన్‌కి వెళ్లే పెట్రోల్ పాలు పెరుగుతుంది.

ఇంజన్‌ను తిన్నది ఆ అంగుళమే. పాత బళ్లు ఇలా పాడవడం నేను చాలాసార్లు చూశాను. బండి ఆగిపోతోందని చోక్ లాగి నడపకండి. చోక్ చల్లని ఇంజన్‌కి మొదటి ఒకటి రెండు నిమిషాల సాయం మాత్రమే. చలికి పెట్రోల్ సరిగా ఆవిరవదు, కొంత మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి, పెట్రోల్ వెళ్లే గొట్టం) గోడలకే అంటుకుంటుంది. అందుకని గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ పంపిస్తాం. వేడెక్కాక కూడా అలాగే పంపితే మండని పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, పిస్టన్ రింగుల సందుల్లోంచి సంప్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, బేరింగులకు రక్షణ పోతుంది.

బాబాయి బండిలో అసలు జబ్బు ఐడిల్ జెట్‌లో, అంటే బండి నిలిచి ఉన్నప్పుడు పెట్రోల్ వదిలే సన్న రంధ్రంలో ఉంది. విప్పితే ట్యాంకులోంచి వచ్చిన తుప్పు రేణువు ఒకటి, ఆవగింజలో సగం కూడా లేదు, రంధ్రానికి అడ్డంగా కూర్చుని ఉంది. పది నిమిషాల పని. చోక్ ఆ జబ్బును నెల రోజులు దాచిపెట్టింది.

మాన్యువలా, ఆటోమేటిక్కా?

చాలామంది నన్ను అడిగేది ఇదే. మన ఎండలకు మాన్యువల్ చోకే నయం అని నా అభిప్రాయం. హైదరాబాద్‌లో ఏడాదిలో ఎక్కువ నెలలు చోక్ అవసరమే పడదు. లంబసింగి, అరకు వైపు తెల్లవారుజామున స్టార్ట్ చేసేవాళ్ల సంగతి వేరు. మాన్యువల్‌లో ఎంత లాగాలో, ఎప్పుడు నొక్కాలో మీ చేతిలో ఉంటుంది. అందులో ఉన్న ప్రమాదం కూడా అదే, మీరు మరిచిపోతే గుర్తుచేసేవాళ్లు ఉండరు. ఇంట్లో ముగ్గురు నలుగురు నడిపే బండైతే, అందరికీ నేర్పలేనంటే, బాగా పనిచేస్తున్న ఆటోమేటిక్‌ను కదపకండి. దాన్ని పీకి మాన్యువల్ కిట్ వేయించాక రెండోరోజే నాబ్ లాగి మరిచిపోయినవాళ్లు నాకు తెలుసు.

మాన్యువల్ ఉన్నవాళ్లు

నాబ్ లోపలికి వెళ్లినంత మాత్రాన చోక్ పోయినట్టు కాదు. కేబుల్ మడత పడితే కార్బురేటర్ (గాలి, పెట్రోల్ కలిపే భాగం) దగ్గర గాలి దారి మూసే ఫ్లాప్ సగంలోనే ఆగుతుంది. ఒకరు లోపల కూర్చుని నాబ్ లాగి నొక్కాలి, ఇంకొకరు బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ తీసి ఫ్లాప్ నిటారుగా నిలబడుతోందో లేదో చూడాలి. ఇది ఇంజన్ ఆపి చేసే పని. నాబ్ పూర్తిగా లోపల ఉన్నప్పుడు కేబుల్ కొసన కాస్త వదులు ఉండాలి.

ఎస్‌యూ రకం కార్బురేటర్ ఉన్న అంబాసిడర్లలో ఫ్లాప్ ఉండదు. నాబ్ లాగితే పెట్రోల్ వచ్చే జెట్ కిందికి దిగుతుంది, నొక్కితే పైకి రావాలి. మురికి పట్టి కిందే ఇరుక్కుంటే మీరు నాబ్ నొక్కినా చోక్ లాగినట్టే. కింద వేలు పెట్టి పైకి తోసి చూడండి.

మరుపు ఉన్నవాళ్లు నాలాగే నాబ్‌కి ఎర్ర రిబ్బన్ కట్టుకోండి. రిబ్బన్ వేలాడుతుంటే గేటు దాటను.

ఆటోమేటిక్ ఉన్నవాళ్లు

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో సోలెక్స్ కార్బురేటర్ పక్కన గుండ్రటి మూత ఉంటుంది. అందులో చుట్టలా రెండు లోహాల స్ప్రింగ్, దాన్ని వేడిచేసే కరెంటు తీగ. కీ ఆన్ చేయగానే తీగ వేడెక్కి చోక్‌ను నెమ్మదిగా తెరుస్తుంది. కాబట్టి కీ ఆన్ చేసి ఫోన్ మాట్లాడుతూ కూర్చోకండి. ఇంజన్ చల్లగానే ఉంటుంది, చోక్ మాత్రం తెరుచుకుంటుంది. స్టార్ట్ చేసేముందు యాక్సిలరేటర్ ఒక్కసారి పూర్తిగా నొక్కి వదలండి, అప్పుడే చోక్ మూసుకుంటుంది. ఆ వైరు ఊడితే చోక్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంది.

కార్బురేటర్ ఉన్న మెర్సిడెస్ డబ్ల్యూ123 లాంటి వాటిలో రేడియేటర్ నీళ్ల వేడి కూడా చోక్‌కు కావాలి. మన దగ్గర వేడి ఎక్కువని థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు వదలనిది) తీసి పారేసే అలవాటుంది. అప్పుడు నీళ్లు వేడెక్కడం ఆలస్యం, చోక్ తెరుచుకోవడం ఆలస్యం, పెట్రోల్ ఆయిల్‌లోకి దిగుతూనే ఉంటుంది. వాల్వ్ తిరిగి వేయించండి.

బండి ఆగిపోతోందని మూత తిప్పి చోక్ పెంచమని మెకానిక్‌తో అనకండి. బాబాయి లాగిన అంగుళానికీ దీనికీ తేడా లేదు.

ఇక ఇవి రాసి డాష్‌బోర్డులో పెట్టుకోండి.

- వేడి ఇంజన్‌కి చోక్ లాగొద్దు.
- ఆగిపోతే చోక్ కాదు, జెట్ చూడండి, మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర గాలి లీకు చూడండి.
- నల్ల పొగ వస్తే పక్కకి ఆపండి. నాబ్ చూడండి.
- ప్లగ్గులు తీస్తే మసి పట్టి నల్లగా ఉన్నాయా? చోక్ పూర్తిగా వెళ్లట్లేదేమో, చూడండి.
- డిప్‌స్టిక్‌లో ఆయిల్ పెరిగిందంటే ఎవరో పోసి ఉంటారు అనుకోవద్దు. వాసన చూడండి. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగినా ఇలాగే అవుతుంది, అదీ చూపించండి.
- పెట్రోల్ కలిసిన ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా వద్దు.
- స్టార్టర్ పది సెకన్లకు మించి తిప్పొద్దు. పెట్రోల్ ఎక్కువై తడిస్తే చోక్ నొక్కేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని తిప్పండి. పంపు కొట్టినట్టు తొక్కొద్దు.
- నీళ్ల సీసాలో పెట్రోల్ తెచ్చి కార్బురేటర్ మూతిలో పోయనివ్వొద్దు. మీ మెకానిక్ ఎంత పాతవాడైనా సరే. బ్యాక్‌ఫైర్ అయితే మంట సీధా చేతిలోని సీసాకే వస్తుంది.
- షట్టర్ వేసిన గ్యారేజీలో, సెల్లార్‌లో చోక్ లాగి వేడెక్కించొద్దు. చోక్ మీద ఉన్న ఇంజన్ కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. షట్టర్ సగం ఎత్తాను కదా అనొద్దు. బండి బయటికి తోసి స్టార్ట్ చేయండి.
- ఊళ్లో పిల్లలు సరదాగా నాబ్ లాగి ఉంటారు. కూర్చోగానే చేత్తో తడిమి చూడండి.
- సంక్రాంతికి పాత బండి మీద వెళ్లేవాళ్లు ఆయిల్ ఇప్పుడే మార్చండి. మార్చి వంద కిలోమీటర్లు ఊళ్లోనే తిరగండి. మళ్లీ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే బస్సు టికెట్ తీసుకోండి.