ఆత్మపరీక్ష ఎలా చేసుకోవాలి: ఒక్క సంగతిని పేరు పెట్టి ఒప్పుకోవడం

రాత్రి మోకాళ్లూని "ప్రభువా, తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు" అని ఒక్క మాటతో ముగించి పడుకునేవాళ్లు మన సంఘాల్లో చాలామంది. ఆ ప్రార్థనలో తప్పు లేదు. కానీ ఏళ్ల తరబడి అదొక్కటే చేస్తే మనిషిలో ఏమీ కదలదు. ఏ పాపమో చెప్పనప్పుడు దేన్ని వదులుకోవాలో మనకే తెలియదు కదా. ప్రభు బల్లకు, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆచరణకు, సిద్ధపడే సోదరీమణులతో కూర్చుని మాట్లాడటం చాలాకాలంగా నా పరిచర్య. రొట్టె తినేముందు ప్రతివాడూ తన్ను తాను పరీక్షించుకోవాలని పౌలు మొదటి కొరింథీయులకు 11వ అధ్యాయంలో రాశాడు. ఆ పరీక్ష ఎలా చేసుకోవాలో మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. నేను వాళ్లకు చెప్పేది ఇక్కడ రాస్తున్నాను.

రాత్రి పదిహేను నిమిషాలు చాలు. ఫోన్ వేరే గదిలో పెట్టండి. ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను దగ్గర ఉంచుకోండి. ముందు 139వ కీర్తన చివరి రెండు వచనాలు పైకి చదవండి: "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము" అని మొదలవుతాయి. వెతికేది ఆయన. మనం ఆ వెలుగులో కూర్చుంటాం, అంతే. ఆ వచనాలకు ముందున్నవి కూడా ఒకసారి చూడండి. దావీదు తన శత్రువుల మీద ద్వేషమంతా కక్కేస్తాడు. వెంటనే "నన్ను పరిశోధించు" అంటాడు. మనమూ ఎవరి మీదనైనా మండిపడుతూ కూర్చుంటే, ఆ మంటను దాచుకుని మంచి మాటలతో మొదలుపెట్టనక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ తర్వాత ఆ మాట అడగవచ్చు.

తర్వాత ఆ రోజుకు కృతజ్ఞత చెప్పండి. జెస్యూట్ సభను స్థాపించిన కాథలిక్ గురువు ఇగ్నేషియస్ లొయోలా ఇచ్చిన పద్ధతి కూడా ఇలాగే మొదలవుతుంది. 1548లో అచ్చయిన ఆయన "ఆధ్యాత్మిక సాధనలు" పుస్తకంలో ఈ పరీక్షకు ఐదు మెట్లున్నాయి: కృతజ్ఞత, వెలుగు కోసం ప్రార్థన, గడిచిన సమయాన్ని తిరగేసి చూడటం, క్షమాపణ అడగటం, ఇకముందు దిద్దుకుంటానని నిశ్చయించుకోవడం. అది కాథలిక్కుల పద్ధతి అని మనలో కొందరు పక్కన పెట్టేస్తారు. నాకది సరిగా అనిపించదు. వాక్యానికి విరుద్ధమైనది అందులో ఒక్క మెట్టూ నాకు కనబడలేదు.

కృతజ్ఞత ముందెందుకు? యేసును చూడాలని చెట్టెక్కిన పన్ను వసూలుదారు జక్కయ్యను చూడండి. ఆయన చెట్టు మీద ఉండగానే, నోరు తెరిచి ఒక్క తప్పూ ఒప్పుకోకముందే, "నేడు నీ ఇంట ఉంటాను" అన్నాడు యేసు. లెక్కలు తర్వాత బయటికొచ్చాయి. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు. తోసేస్తారన్న భయం ఉన్నవాడు నిజం చెప్పడు, తనను తాను సమర్థించుకుంటాడు. ఆయన మనల్ని ముందే చేర్చుకున్నాడని గుర్తుంటేనే మన లోపలికి మనం ధైర్యంగా చూడగలం. అందుకే ఈ మెట్టు దాటేయవద్దంటాను, ఎంత నిద్ర వస్తున్నా.

ఇక రోజును పొద్దున్నుంచి వరసగా తిరగేయండి. లేవగానే ఎవరితో మాట్లాడారు, పనిలో ఏం జరిగింది, ఎవరి మెసేజ్ చూసి మొహం మాడింది. ఒకచోట మనసు గబగబా దాటిపోవాలని చూస్తుంది. అక్కడే ఆగాలి. ఇంకో గుర్తు కూడా ఉంది: ఈ రోజు ఎవరి తప్పు మీకు భరించరానిదిగా అనిపించింది? దావీదు ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించాక, ఒక ధనవంతుడు బీదవాడి ఒక్క గొర్రెపిల్లను లాక్కున్న కథను ప్రవక్త నాతాను చెప్పాడు. అది విని ఆ ధనవంతుడి మీద దావీదు ఎంత మండిపడ్డాడో తెలుసు కదా. "ఆ మనుష్యుడవు నీవే" అనేదాకా ఆ కోపం తనవైపే తిరిగి ఉందని ఆయనకు తెలియలేదు.

ఆగినచోట ఒక్క వాక్యం రాయండి. అసలు పని ఇక్కడే ఉంది, కాబట్టి ఒక సోదరి రాసుకున్నది ఆమె అనుమతితోనే చూపిస్తాను. ఆమె మొదట రాసింది: "ఈ రోజు ఆఫీసులో కోపం వచ్చింది." ఎవరి మీద అని అడిగాను. "కొత్తగా చేరిన అమ్మాయి మీద." ఏమన్నారు? "'నీకు ఎన్నిసార్లు చెప్పాలి' అని అందరి ముందు అరిచాను." ఆ అరుపుతో మీకేం కావాలనుకున్నారు? ఈ ప్రశ్నకు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్ను తీసుకుని రాసింది: "రిపోర్టులో తప్పు నాది. మేనేజర్ అడిగేలోపే అది ఆ అమ్మాయి చేసిందని అందరూ అనుకోవాలని అరిచాను."

మొదటి వాక్యానికీ చివరి వాక్యానికీ మధ్య ఎంత దూరమో చూడండి. ఆమె సమస్య కోపం కాదు. భయం, దాన్ని కప్పుకోవడానికి ఆడిన అబద్ధం. కోపం తగ్గించమని ఎన్నేళ్లు ప్రార్థించినా ఆ అబద్ధం అక్కడే ఉండిపోయేది. అందుకే ఎవరితో, ఏం అన్నాను లేదా చేశాను, దానివల్ల నాకేం కావాలనుకున్నాను, ఎవరికి నష్టం జరిగింది అన్న నాలుగూ ఆ వాక్యంలో ఉన్నాయో లేదో చూసుకోండి. "నోరు జారింది" అని ఉంటే కొట్టేసి "అన్నాను" అని రాయండి. "కానీ వాళ్లు కూడా" అని మొదలయ్యేదంతా తీసేయండి. వాళ్ల సంగతి వాళ్లూ దేవుడూ చూసుకుంటారు.

ఒక్క రాత్రికి ఒక్కటే చాలు. దొరికినవన్నీ రాయాలని కూర్చుంటే మళ్లీ "పాపాలన్నీ" దగ్గరికే వెళ్తాం.

దీనికి ఎదురుగా ఇంకో గొయ్యి ఉంది. "నేను దేనికీ పనికిరానిదాన్ని, నాలాంటి పాపి లేదు" అని రాసేవాళ్లుంటారు. వినడానికి వినయంలా ఉంటుంది గాని అందులోనూ ఒప్పుకోలు లేదు, ఏం చేశారో ఒక్క ముక్కా లేదు. యేసును పట్టించిన యూదా తన తప్పు స్పష్టంగానే చెప్పాడు, ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు కూడా. కానీ వెళ్లింది ప్రధాన యాజకుల దగ్గరికి. "దానితో మాకేమి" అన్నారు వాళ్లు. పేతురు కూడా యేసు ఎవరో తెలియదని అని ఘోరంగా పడ్డాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ ఒడ్డున ప్రభువున్నాడని వినగానే నీళ్లలో దూకి ఆయన దగ్గరికే వెళ్లాడు. మీ దుఃఖం మిమ్మల్ని ఎటు తీసుకెళ్తోందో చూసుకోండి. ప్రార్థన వైపు, ఎదుటి మనిషి వైపు నడిపిస్తే మంచిదే. నిద్ర లేకుండా చేస్తూ, క్షమాపణ దొరికిందా లేదా అని రోజుకు పదిసార్లు అడిగిస్తూ, బతకడమే వద్దనిపిస్తే నోటుపుస్తకం మూసేయండి. వెంటనే నమ్మకమైనవాళ్లకూ డాక్టరుకూ చెప్పండి. ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి కూడా ఆ దెబ్బలకు కారణమైన పాపం తనలో వెతుక్కోకూడదు. ఆమెకు ముందు కావలసింది భద్రంగా ఉండే చోటు.

రాసింది దేవునికి చదివి వినిపించండి, క్షమాపణ అడగండి. ఒప్పుకుంటే ఆయన క్షమిస్తాడని 1 యోహాను 1:9లో ఉన్న వాగ్దానాన్ని నమ్మి లేవండి. అయితే నష్టపోయిన మనిషి ఉంటే పని అక్కడితో అయిపోదు. ఒప్పుకున్నవాడు తీసుకున్నదానికి ఐదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలని సంఖ్యాకాండము 5వ అధ్యాయం చెప్తుంది. ఆ సోదరి మర్నాడు ముందు మేనేజర్‌కి నిజం చెప్పింది. తర్వాత, అరిచింది అందరి ముందు కాబట్టి అందరి ముందే ఆ అమ్మాయితో అంది: "నిన్న రిపోర్టులో తప్పు నాది. నీ మీద వేశాను. మేనేజర్‌కి చెప్పేశాను." ఇంతే. తన టెన్షన్ల గురించి ఒక్క మాట కలపలేదు. "క్షమించానని చెప్పు" అని ఒత్తిడి కూడా చేయకూడదు. వాళ్లకు టైమ్ పట్టవచ్చు, అది వాళ్ల హక్కు. ఒక్క జాగ్రత్త: ఎదుటివాళ్లకు తెలియని అసూయనో చెడు తలంపునో వాళ్ల దగ్గరికే మోసుకెళ్లి చెప్పకండి. మీ బరువు దిగుతుంది గాని వాళ్ల మీద పడుతుంది. అలాంటివి దేవునితోనూ, మీరు నమ్మే ఒక విశ్వాసితోనూ చెప్పుకోవాలి.

ఆ ఒక్క విశ్వాసి నిజంగా అవసరం. ఒకరితో ఒకరు ఒప్పుకోమని యాకోబు 5:16 చెప్తుంది. మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1738లో చిన్న గుంపులకు రాసిన నియమాల్లో ప్రతి వారం అడగాల్సిన మొదటి ప్రశ్న, కిందటిసారి కలిశాక తెలిసి చేసిన పాపమేమిటని. ఆ మనిషిని ఎంచుకునేటప్పుడు, విన్నదాన్ని ప్రార్థన అవసరత పేరుతో నలుగురికీ చేరవేసేవాళ్లను వదిలేయండి. విన్న వెంటనే "అయ్యో, పర్లేదులే" అనేసేవాళ్లను కూడా.

వారానికొకసారి పేజీలు వెనక్కి తిప్పండి. ఒకే సంగతి రకరకాల వేషాల్లో కనిపిస్తుంది. ఆ సోదరి పుస్తకంలో అది భయం. ఇంటి దగ్గర, చర్చిలో, అక్కతో ఫోన్‌లో, తప్పు బయటపడుతుందనుకున్న ప్రతిచోటా అదే. ఒక నెల దాని మీదే ప్రార్థించండి. మార్పు మొదట చాలా చిన్నగా ఉంటుంది: రాత్రి పుస్తకం తెరిస్తే గాని తెలియనిది సాయంత్రానికే తెలుస్తుంది, కొన్నాళ్లకు మాట అన్న మరుక్షణం తెలుస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. మళ్లీ పడిన రోజు కూడా ఉంటుంది. ఆ రాత్రి కూడా అదే ఒక్క వాక్యం రాసి పడుకోండి.

ఒప్పుకుని సరిచేసుకున్న పేజీలను, ఇలా తిరగేసి చూసుకున్నాక, దాచుకోకుండా చింపేయండి. ఇంట్లో ఎవరి చేతికైనా పడితే వాళ్లను నొప్పించే మాటలు అందులో ఉంటాయి.