ఇటాలియన్ పిస్టళ్లకు మీ టేబుల్‌టాప్ గేమ్‌లో స్టాట్స్ వేసుకోవడం ఎలా

చాలా ఆర్‌పీజీ (ఒక్కో ప్లేయర్ ఒక్కో క్యారెక్టర్‌గా ఆడే ఆట) రూల్‌బుక్స్‌లో పిస్టళ్ల పట్టిక చూస్తే ఇటాలియన్ కంపెనీ బెరెట్టాకు ఒకే ఒక్క లైను ఉంటుంది. 9 ఎంఎం, 15 తూటాలు, ఇంత డ్యామేజ్, అంతే. 1940ల ఇటలీలో ఆట పెట్టుకున్నా, 1970ల మిలాన్‌లో పెట్టుకున్నా క్యారెక్టర్ చేతిలో అదే పిస్టల్ ఉన్నట్టు అనిపిస్తుంది. కొందరు జీఎంలు, అంటే ఆట నడిపేవాళ్లు, దీన్ని సరిచేయడానికి ఒక్కో మోడల్‌కు ఒక్కో డ్యామేజ్ ఇస్తారు, కానీ అది ఇంకా తప్పు దారి, ఎందుకంటే తగిలే దెబ్బ తూటాది, పిస్టల్ కంపెనీది కాదు. పిస్టల్‌కు పిస్టల్‌కు ఉన్న అసలు తేడా చేతిలో తెలుస్తుంది: ఎంత త్వరగా బయటికి తీయగలం, మొదటి షాట్ ఎంత కష్టం, తూటాలు అయిపోయాక మళ్లీ నింపడానికి ఎంత టైమ్ పడుతుంది. డ్యామేజ్‌ను తూటాకు కట్టేసి, మిగతా స్టాట్స్ అన్నీ వాడే తీరు నుంచి తీయండి. ఈ గైడ్ మొత్తం దాని గురించే.

ముందు డ్యామేజ్ పని అవగొట్టేద్దాం. తూటా బారెల్ దాటేటప్పుడు ఉండే శక్తిని జౌల్స్‌లో తీసుకుని, దానికి వర్గమూలం కట్టి, 3తో భాగించండి. వచ్చిన సంఖ్యకు దగ్గర సగటు ఉన్న డైస్ ఎంచుకోండి. శక్తిని నేరుగా డ్యామేజ్‌గా మార్చకూడదు, అలా చేస్తే చిన్న పిస్టళ్లు బొమ్మల్లా, పెద్దవి ఫిరంగుల్లా తయారవుతాయి. వర్గమూలం ఆ దూరాన్ని తగ్గిస్తుంది. ఇటాలియన్ పిస్టళ్లలో ఎక్కువగా కనిపించే తూటాలు ఐదు. .25 ఏసీపీ సుమారు 90 జౌల్స్, అంటే 1డి6 (ఆరు ముఖాల డైస్ ఒకటి). 7.65 ఎంఎం, మనం .32 అనేది, సుమారు 190, దానికి 1డి8. 9 ఎంఎం కోర్టో, అంటే .380 ఏసీపీ, సుమారు 260, దానికి 1డి10. 9 ఎంఎం గ్లిసెంటీ దాదాపు 400, దానికి 1డి12. అందరికీ తెలిసిన 9 ఎంఎం పారాబెల్లమ్ 500కు అటూ ఇటూ, దానికి 2డి6. తూటా బరువు, బారెల్ పొడవును బట్టి ఈ అంకెలు కాస్త మారుతాయి గానీ డైస్ మారేంత కాదు. మీ గేమ్‌లో హిట్ పాయింట్లు బాగా తక్కువైతే 3 బదులు 4తో భాగించుకోండి, వరస అలాగే నిలుస్తుంది.

ఇక టర్న్. నేను ఒక టర్న్‌కు సుమారు ఆరు సెకన్లు, అందులో రెండు యాక్షన్లు అనుకుని రాస్తున్నాను. డి20 బదులు పర్సెంటేజ్ డైస్ వాడేవాళ్లు నేను -2 అన్నచోట 10 శాతం తగ్గించుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన మోడల్ 1934 బెరెట్టా. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటాలియన్ సైన్యం చేతిలో ఎక్కువగా ఉన్న పిస్టల్ ఇదే. 9 ఎంఎం కోర్టో తూటా, మ్యాగజైన్‌లో 7, ఖాళీగా ఉంటే ముప్పావు కిలో కూడా తూగదు, పొడవు 15 సెంటీమీటర్లు. అంకెలు చూస్తే మామూలుగానే ఉంటుంది, అసలు రుచి రీలోడ్‌లో ఉంది. చివరి తూటా పేలాక స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి వెళ్లి ఆగుతుంది, కానీ దాన్ని ఆపి పెట్టేది వేరే మీట ఏదీ కాదు, ఖాళీ మ్యాగజైనే. మ్యాగజైన్‌ను పట్టి ఉంచే క్లిప్ పిడి అడుగున ఉంటుంది, ఒక చేత్తో పిస్టల్ పట్టుకుని రెండో చేత్తో దాన్ని వెనక్కి నొక్కి లాగాలి, పైనుంచి స్లైడ్ ఒత్తుతూ ఉంటుంది కాబట్టి మ్యాగజైన్ సులువుగా రాదు, వచ్చిన క్షణమే స్లైడ్ టక్కున ముందుకు మూసుకుపోతుంది. అంటే కొత్త మ్యాగజైన్ పెట్టాక కూడా తూటా చాంబర్‌లోకి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) వెళ్లదు, స్లైడ్ మళ్లీ చేత్తో లాగాల్సిందే.

దీన్ని రూల్‌గా ఇలా రాసుకోండి: పూర్తిగా ఖాళీ అయిన మోడల్ 1934ను నింపడానికి మూడు యాక్షన్లు, అంటే ఒక టర్న్ మొత్తం, తర్వాతి టర్న్‌లో సగం. చాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండగానే మ్యాగజైన్ మారిస్తే రెండు యాక్షన్లు చాలు, ఎందుకంటే స్లైడ్ లాగే పని లేదు. ఈ ఒక్క రూల్ పెడితే టేబుల్ మీద ఆట మారిపోతుంది, ప్లేయర్లు తూటాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఆరోది పేలగానే "నేను గోడ చాటుకు వెళ్లి మ్యాగజైన్ మారుస్తా" అంటారు, పక్కవాడు "ఇంకా ఒకటుంది కదా, కొట్టు" అంటాడు, అక్కడ పుట్టే టెన్షన్‌ను ఏ డ్యామేజ్ బోనస్‌తోనూ తేలేరు. 7 ప్లస్ 1 అన్నది కూడా మర్చిపోవద్దు, ముందే చాంబర్‌లో ఒకటి ఎక్కించి పైన నిండు మ్యాగజైన్ పెట్టుకుంటే ఎనిమిది షాట్లు వస్తాయి. ఆ సంగతి క్యారెక్టర్ షీట్‌లో ప్లేయరే రాసుకోవాలి, అడక్కుండా జీఎం ఇవ్వకూడదు.

సేఫ్టీ సంగతి కూడా చూడండి. ఎడమవైపున్న ఆ చిన్న మీటను 180 డిగ్రీలు తిప్పాలి, ఒంటిచేత్తో కష్టం. సేఫ్టీ వేసి పెట్టుకున్న క్యారెక్టర్‌కు తీసేందుకు ఒక యాక్షన్ ఖర్చు. ఇంకొకటి, ఇది రూల్ కాదు, క్లూ. ఈ పిస్టళ్ల స్లైడ్ ఎడమవైపు తయారైన సంవత్సరం ఉంటుంది, దాని పక్కన ముస్సోలినీ కాలపు ఫాసిస్ట్ సంవత్సరం రోమన్ అంకెల్లో ఉంటుంది, 1941 పక్కన 19 ఉన్నట్టు. ఆర్మీ కోసం చేసినవాటికి ఇటాలియన్ రాజసైన్యం ముద్ర ఉంటుంది. హత్య కేసు చుట్టూ తిరిగే ఆటలో ఆ ముద్ర గీసిన కాగితం ప్లేయర్ల చేతికిస్తే సగం సెషన్ దాని మీదే నడుస్తుంది.

మనవాళ్లకు ఈ కాలం పెట్టుకోవడానికి మంచి కారణం కూడా ఉంది. 1944లో మోంటే కాసినో దగ్గర 4వ ఇండియన్ డివిజన్ పోరాడింది, 8, 10 డివిజన్లు కూడా ఇటలీలో ఉన్నాయి. భారతీయ సైనికులే ప్లేయర్ క్యారెక్టర్లుగా, శత్రువు నుంచి దొరికిన మోడల్ 1934తో ఒక చిన్న క్యాంపెయిన్ భేషుగ్గా నడుస్తుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను: 1948 జనవరి 30న గాంధీజీని చంపింది ఈ మోడల్ బెరెట్టాతోనే. ఆ తుపాకీని ఆటలో మాయ ఆయుధంగా, ప్రత్యేక బోనస్ ఉన్న వస్తువుగా పెట్టకండి. నా టేబుల్ దగ్గర నేను ఒప్పుకోను.

దీనికంటే ముందుది 1910 మోడల్ గ్లిసెంటీ. మొదటి ప్రపంచ యుద్ధం నేపథ్యంలో ఆడితే ఇది తప్పక పెట్టాలి, ఎందుకంటే దీని తూటా చూడటానికి పారాబెల్లమ్ కొలతల్లోనే ఉంటుంది, కానీ మందు తక్కువ. అంటే జర్మన్ తూటా ఇందులో దూరుతుంది, పేలుతుంది, కానీ ఆ ఒత్తిడికి ఈ పిస్టల్ ఫ్రేమ్ తట్టుకోదు, ఎడమవైపు ప్లేట్ ఊడదీసేలా కట్టిన ఫ్రేమ్ కాబట్టి అటువైపు గట్టితనం తక్కువ. ప్లేయర్ దొరికిన పారాబెల్లమ్ తూటాలు నింపితే వద్దనకండి. డ్యామేజ్ 1డి12 నుంచి 2డి6కు పెంచండి, కానీ దాడి రోల్ 5 లేదా అంతకంటే తక్కువ పడిన ప్రతిసారీ పిస్టల్‌కు ఒక గీత పెట్టండి, మూడో గీతకు పిస్టల్ పనికిరాకుండా పోతుంది, పట్టుకున్నవాడికి 1డి4 గాయం. గీతలు అందరికీ కనిపించేలా పెట్టండి, మూడో గీతకు ముందు అడిగే "ఇంకొక్కసారి కొట్టనా?" అన్న ప్రశ్నే కావాల్సింది.

ఇక బెరెట్టా 92 కుటుంబం. అందరూ దీన్ని ఒకటే అనుకుంటారు, కాదు. 1976 ప్రాంతంలో వచ్చిన మొదటి 92కు, తర్వాతి 92ఎస్‌కు మ్యాగజైన్ విడిపించే బటన్ పిడి అడుగు భాగంలో ఉంటుంది. 92ఎస్‌బీతో అది ట్రిగ్గర్ గార్డ్ వెనక్కి, బొటనవేలికి అందేచోటికి వచ్చింది. 1985లో అమెరికా సైన్యం ఎం9 పేరుతో తీసుకున్నది కూడా ఈ రెండో రకమే. కాబట్టి 1970ల చివర్లో ఇటలీ పోలీసు క్యారెక్టర్‌కు రీలోడ్ రెండు యాక్షన్లు, 1990ల క్యారెక్టర్‌కు ఒకటే. పిస్టల్ పేరు ఒకటే, తూటా ఒకటే, మ్యాగజైన్‌లో 15 అవే, అయినా కొట్లాట వేరుగా నడుస్తుంది.

92కు రెండో లక్షణం మొదటి షాట్. హ్యామర్ (పిస్టల్ వెనక ఉండే, తూటాను పేల్చే చిన్న సుత్తి) దిగి ఉంటే మొదటిసారి ట్రిగ్గర్ బరువుగా, దూరం లాగాలి, ఆ తర్వాతివన్నీ తేలిక. మొదటి షాట్‌కు -2 పెట్టండి, ఒక యాక్షన్ పెట్టి బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగితే ఆ -2 పోతుంది. దీనికి ముందు వచ్చిన మోడల్ 1951కు ఈ ఇబ్బంది లేదు, ప్రతి షాట్ ఒకేలా ఉంటుంది, కానీ తూటాలు 8 మాత్రమే. మొదటి షాట్ బాగా పడాలా, తూటాలు ఎక్కువ కావాలా అని ప్లేయర్ తేల్చుకోవాలి. 92 స్లైడ్ పైభాగం తెరిచి ఉంటుంది, ఖాళీ తొడుగు బయటికి పోవడానికి అడ్డు తక్కువ, అందుకే జామ్ తక్కువ అని పెట్టుకోవచ్చు: దాడి రోల్ 1 పడితే ఒక డి6 వేయండి, 92కు 1 లేదా 2 పడితేనే జామ్, మోడల్ 1934కు 3 వరకు, గ్లిసెంటీకి డి6 అక్కర్లేదు, ఎలాగూ జామే.

93ఆర్ గురించి అడిగేవాళ్లు ఎక్కువ. ఇది మామూలు సెమీ ఆటోమేటిక్ కాదు, మీట మారిస్తే ఒక్కసారి ట్రిగ్గర్ లాగితే మూడు తూటాలు పోతాయి (అదే బర్స్ట్), ముందు మడిచే చిన్న పిడి ఉంటుంది. బర్స్ట్‌కు ఒకే దాడి రోల్, +2 కలపండి, లక్ష్యం దాటి ప్రతి 5కూ ఇంకో తూటా తగిలినట్టు లెక్క, మూడు మించకూడదు. ముందు పిడి తెరవకపోతే ఆ +2 లేదు. మ్యాగజైన్‌లో 20, అంటే ఆరు బర్స్ట్‌లు పోగా రెండు మిగులుతాయి. చాంబర్‌లో ఒకటి ముందే ఉంటే 21, సరిగ్గా ఏడు బర్స్ట్‌లు. తెలివైన ప్లేయర్ దీన్ని కనిపెడతాడు.

జేబు పిస్టల్ కావాలంటే బెరెట్టా 950. .25 తూటా, మ్యాగజైన్‌లో 8. మీట నొక్కితే బారెల్ వెనక భాగం పైకి లేస్తుంది, తూటా నేరుగా అందులో పెట్టి మూసేయొచ్చు, స్లైడ్ లాగేంత బలం అక్కర్లేదు. వేళ్లలో బలం లేని ముసలి గూఢచారికి, ఒక చెయ్యి గాయపడిన క్యారెక్టర్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది, బలం తక్కువైనవాళ్లకు స్లైడ్ లాగడానికి మీ గేమ్‌లో పెనాల్టీ ఉంటే ఇక్కడ తీసేయండి. కాకపోతే పిడి మరీ చిన్నది, అదే టర్న్‌లో రెండో షాట్‌కు -3. 92కు -1, మోడల్ 1934కు -2 సరిపోతాయి.

మాటెబా యూనికా 6 పిస్టల్ కాదు, రివాల్వర్, కానీ సెమీ ఆటోమేటిక్, ఎమీలియో గిసోనీ డిజైన్. కాల్చగానే పైభాగమంతా వెనక్కి జరిగి సిలిండర్ తిరుగుతుంది, బారెల్ కింది గదికి ఎదురుగా ఉంటుంది కాబట్టి చెయ్యి తక్కువ లేస్తుంది. .357కు ఇదే లెక్కలో 2డి8, ఆరు తూటాలు, రెండో షాట్‌కు పెనాల్టీ లేదు, విడి తూటాలైతే యాక్షన్‌కు రెండు చొప్పున నింపాలి.

దాచుకోవడం సంగతి త్వరగా చెప్పేస్తాను. పొడవును సెంటీమీటర్లలో తీసుకుని 3తో భాగించి 4 తీసేయండి, వెతికేవాడికి ఆ బోనస్. 950కు సున్నా, 1934కు +1, 92కు +3. మ్యాగజైన్‌లో తూటాలు రెండు వరసల్లో ఉండేవాటికి, 92, 93ఆర్, మోడల్ 84 లాంటివాటికి, పిడి లావు కాబట్టి ఇంకో +1. రేంజ్ మీద ఎక్కువ ఆలోచించకండి, ఆటలో పిస్టల్ కొట్లాటలన్నీ ఒక గది, ఒక సందు, ఒక మెట్ల దారిలోనే జరుగుతాయి. పది మీటర్ల దాకా పెనాల్టీ లేదు, ఆపైన ప్రతి పదికీ -2, అంతే.

చివరగా తూటాలు ఎక్కడ దొరుకుతాయన్నది. ఇటలీలో చాలా ఏళ్లపాటు మామూలు పౌరులకు 9×19 పారాబెల్లమ్ పిస్టల్ ఉండనిచ్చేవారు కాదు, అది యుద్ధ ఆయుధం కింద లెక్క. అందుకని అక్కడి మార్కెట్‌లో 9×21 పిస్టళ్లు వచ్చాయి, బెరెట్టాతో పాటు గార్డోనే వాల్ త్రోంపియాలోనే ఉన్న తాన్‌ఫోలియో కూడా అలాంటివి చేసింది. డ్యామేజ్ అదే 2డి6. కానీ తొడుగు రెండు మిల్లీమీటర్లు పొడవు, 9×19 చాంబర్‌లో పట్టదు. అంటే 1990ల మిలాన్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ దగ్గరున్న తూటాలు పక్కనున్న కారాబినియేరి (ఇటలీ పోలీసు దళం) ఆఫీసర్ పిస్టల్‌కు పనికిరావు. ఆట మధ్యలో ఆఫీసర్ "నా దగ్గర అయిపోయాయి, మ్యాగజైన్ విసురు" అన్నప్పుడు ఇది బయటపడాలి. మన దేశంలోనూ 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోరే, అంటే మామూలు లైసెన్స్‌కు ఇవ్వని సైజు, లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గర ఎక్కువగా .32 కనిపిస్తుంది. హైదరాబాద్ నేపథ్యంలో ఆట పెడితే వ్యాపారి చేతికి 92 ఇవ్వకండి, .32 ఇటాలియన్ పిస్టల్ ఇచ్చి 1డి8 రాయండి. అతని దగ్గర 9 ఎంఎం దొరికితే అది ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ప్లేయర్లు ఛేదించాల్సిన ప్రశ్న.

ఇవన్నీ ఒక్కో పిస్టల్‌కు ఒక్కో చిన్న కార్డు మీద రాసి పెట్టుకోండి: పైన డైస్, దాని కింద తూటాలకు గుండ్రాలు, ఆ కింద రీలోడ్ యాక్షన్లు. షాట్ పేలినప్పుడల్లా గుండ్రం కొట్టేయడం ప్లేయర్ పని, అది జీఎం నెత్తిన వేసుకోవద్దు.