ఎత్తు మడులకు అంచు చెక్క, 3వ పాఠం: టేకే, కానీ తెల్లది

నేల మీద ఎత్తుగా మట్టి నింపే కూరగాయల మడి చుట్టూ పెట్టే చెక్కలు మూలల దగ్గర ఎలా బిగించాలో ఈసారి చెబుతానన్నాను. అది వాయిదా వేస్తున్నాను. రెండో పాఠం చదివి చెక్క కొన్నవాళ్ళలో చాలామంది ఒకే చోట దెబ్బతిన్నారు.

తప్పులో సగం నాది. "టేకు తుండు ముక్కలు తక్కువకు దొరికితే వదలొద్దు" అని ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయాను. మీరు వదల్లేదు. తెచ్చారు, బిగించారు, మట్టి నింపారు. ఒక్క వానాకాలం గడిచేసరికి మట్టిని ఆనుకున్న వైపు గోటితో గిల్లితే పొడి రాలుతోందని, చెదలు మట్టి గూళ్ళు కట్టేశాయని రాశారు. ఒకరైతే టేకు పేరుతో వేరే ఏదో అంటగట్టారని దుకాణంవాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నారట. ఫోటోలు చూశాను. అది టేకే. కాకపోతే తెల్లగా ఉంది.

చెట్టులో నీళ్ళు మోసేది బెరడు లోపల ఉన్న బయటి వలయాలు. అదే తెల్లచెక్క. పిండిపదార్థమూ చక్కెరలూ నిలవ ఉండేది అక్కడే, అంటే చెదలకూ శిలీంధ్రాలకూ వడ్డించిన విస్తరి. వయసు పెరిగేకొద్దీ లోపలి వలయాలు నీళ్ళు మోయడం మానేస్తాయి. చెట్టు వాటిలో నూనెల్లాంటివి, రంగు పదార్థాలు చేరుస్తుంది. అదే చేవ. కలప మన్నిక గురించి యూరప్‌లో వాడే ఈఎన్ 350 ప్రమాణంలో 1 నుంచి 5 వరకు తరగతులున్నాయి, 1 అన్నిటికన్నా మన్నికైనది. మంచి టేకు చేవ 1వ తరగతి. తెల్లచెక్కను మాత్రం, వేరే రుజువు లేకపోతే, ఏ చెట్టుదైనా 5లోనే వేస్తారు. అంటే మీరు కొన్నది పేరుకే టేకు, పనికి మామిడి చెక్క.

చేవ పట్టుకోవడం ఎలాగో ఈసారి విసుగొచ్చేదాకా చెబుతాను.

చెక్క అడ్డంగా పడుకోబెట్టి ఉంటే వెడల్పు వైపు చూడకండి. చివర చూడండి, రంపం తెగ్గోసిన చోట. దుమ్ము పట్టి అంతా ఒకే బూడిద రంగులో ఉంటుంది కాబట్టి చాకుతో అంగుళం మేర గీకి, రెండు చుక్కల నీళ్ళు పోసి వేలితో రుద్దండి. టేకైతే అప్పుడు గీత బయటపడుతుంది: ఒక పక్క పాలిపోయిన పసుపు, ఇంకో పక్క తేనె రంగు నుంచి గోధుమ వరకు. ఆ గీత ఎక్కడుందో రెండు చివర్లా చూడాలి. ఒక చివర మొత్తం చేవ ఉండి, రెండో చివర సగం తెల్లగా ఉన్న పలకలు ఎన్నో. దుంగ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, పలక మాత్రం సూటిగా కోస్తారు, అందుకని. తర్వాత వాసన. కొత్తగా గీకిన టేకు చేవ తోలు వాసన వేస్తుంది, చేతికి కాస్త జిడ్డుగా తగులుతుంది. ముదురు రంగు కనిపించింది కదా అని సరిపెట్టుకోకండి. ఎండకూ వానకూ ఉన్న తెల్లచెక్క కూడా నల్లబడుతుంది, పైన పూత పూసిందైతే చెప్పనే అక్కర్లేదు. అందుకే గీకమంటున్నాను. గీకనివ్వని చోట కొనకండి.

నా మొదటి మడి అంచు తీసి చూసినప్పుడు ఒక పలక ఇలా ఉంది: పై అంచున రెండు వేళ్ళ వెడల్పు తెల్లచెక్క తేనెపట్టులా గుల్లబారింది, కింద మట్టిలో ఉన్న చేవ మీద చాకు మొన కూడా దిగలేదు. చెక్క మామూలుగా ముందు కుళ్ళేది మట్టి మట్టం దగ్గర. తడీ గాలీ రెండూ అందేది అక్కడే. పలకలో కొంత తెల్లచెక్క తప్పకపోతే దాన్ని మట్టికి దూరంగా, పైకి, బయటికి తిప్పి బిగించండి. నాది పైకే ఉంది, కానీ లోపలి వైపు తిరిగి మట్టిని ఆనుకుంది.

ఇతర చెట్లు: నల్లతుమ్మ చేవ బాగుంటుంది, కోయడమే కష్టం. మామిడి, రబ్బరు చెక్క ఊరికే ఇచ్చినా వద్దు.

ఇక ఖర్చు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు మడికి చుట్టుకొలత 24 అడుగులు. ఆరంగుళాల ఎత్తు, అంగుళం మందం అనుకుంటే 24ను 6తో, 1తో గుణించి 144తో భాగించండి. సరిగ్గా ఒక ఘనపుటడుగు. రెండంగుళాల మందానికి రెండు. నేను ఒకటిన్నర వాడతాను, అంగుళం పలక తడి మట్టి బరువుకు పొట్ట ఉబ్బుతుంది. ఎప్పుడూ పొడవు పలకలు అడగకండి. మూడడుగుల లోపు ముక్కలు తలుపులకూ మంచాలకూ పనికిరావు కాబట్టి తక్కువకు ఇస్తారు. మడికి మాత్రం ఎలాగూ మూడడుగులకో మేకు కర్ర పాతుతాం కదా, అతుకు దానిమీద పడేలా చూసుకుంటే సరి. నేనైతే ముక్కలు తెచ్చాకే మడి కొలతలు వేస్తాను.

ప్యాలెట్ల గురించి, అంటే సరుకు పెట్టి మోసే చెక్క చట్రాల గురించి మళ్ళీ అడిగారు. వాటి మీది ముద్రలో హెచ్‌టీ అని ఉంటే చెక్కను లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం. అది పురుగుల్ని చంపడానికి, కుళ్ళు ఆపడానికి కాదు. కొందరు రెండూ ఒకటే అనుకున్నారు. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పొగ పట్టించారు, వదిలేయండి. ముద్రే లేకపోతే అదీ వదిలేయండి. క్రియోసోట్ అనే తారు నూనె పీల్చిన పాత రైలు స్లీపర్లు, రంగు పెచ్చులు లేస్తున్న పాత గుమ్మాలు కూరగాయల మడి దగ్గరికి రానివ్వొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చెదలు రావని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆ నూనెలో లోహాలుంటాయి, అవి పోయేది మీరు తినే ఆకుకూర ఉన్న మట్టిలోకే.

అభ్యాసం. చాకు, చిన్న నీళ్ళ సీసా, టేపు పట్టుకుని కనీసం మూడు చోట్లకు వెళ్ళి ఇరవై ముక్కల చివరలు చూడండి. ఏమీ కొనొద్దు. ప్రతి ముక్కలో చేవ ఎన్ని అంగుళాలో, తెల్లచెక్క ఎన్ని అంగుళాలో, రెండు చివర్లవీ రాసుకోండి. తర్వాత పూర్తి చేవ ముక్క ఒకటి, పూర్తి తెల్ల ముక్క ఒకటి, ప్యాలెట్ ముక్క ఒకటి, అడుగు పొడవున తెచ్చి సగం వరకు తడి నేలలో పాతండి. కలప పరిశోధకులు చేసేదీ ఇదే, అలా వరసగా చెక్కలు పాతిన స్థలాన్ని వాళ్ళు శ్మశానమనే పిలుస్తారు. మూడు నెలలయ్యాక పీకి, మట్టి మట్టం దగ్గర మేకు గుచ్చి ఎంత దిగిందో కొలిచి నాకు రాయండి.

మూలల బిగింపు అప్పుడు చెబుతాను. అంతవరకు మడి ఆగలేదంటే ఇటుకలు పేర్చుకోండి.