అందరూ అడుగుపెట్టగలిగే కమ్యూనిటీ హాలు: డిజైన్ ఎలా చేయాలి?

విశాఖలో ఏ పెద్ద కాలనీ తీసుకున్నా నేవీలో పనిచేసే ఉత్తరాది కుటుంబాలు, స్టీల్‌ప్లాంటులో రిటైరైన ఒడియావారు, పాడేరు నుంచి చదువుకు వచ్చిన గిరిజన విద్యార్థులు, తీరంలోని మత్స్యకారులు, తరతరాలుగా ఇక్కడే ఉంటున్న ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు కనిపిస్తారు. వీరందరి కోసమని కట్టే హాలు మాత్రం చాలాచోట్ల ఒక తరహా పెళ్లికి తప్ప దేనికీ అనువుగా ఉండదు. కొత్తగా కట్టబోయే కాలనీ సంఘాలు, యువ ఆర్కిటెక్టులు ఈ వరుసలో వెళితే మంచిదని నా నమ్మకం.

1. ప్లాను గీయకముందే అడగండి

ఒక సమావేశం పెట్టి అడిగితే ముందు వరుసలో కూర్చున్నవారే మాట్లాడతారు. మనమే వారి దగ్గరికి వెళ్లాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలంలో మర బోట్లు ఒడ్డునే ఉంటాయి. వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులతో తీరిగ్గా కూర్చునే అవకాశం అప్పుడే దొరుకుతుంది. చేపలమ్మే మహిళలతో బజారు ముగిశాక మాట్లాడాలి. షిఫ్టుల్లో పనిచేసేవారి కోసం వేర్వేరు పూటల్లో వెళ్లాలి. ‘మీ సంస్కృతికి ఏం కావాలి?’ అంటే ఎవరికీ జవాబు తోచదు. ఏ పండక్కి ఎంతమంది వస్తారు, ఎక్కడ వండుతారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, ఇంట్లో పెద్దవారిని ఎలా తీసుకొస్తారు అని అడగండి.

2. మనుషులందరికీ ఒకే వాకిలి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి చూసిన సమాజం మనది. పారిశుద్ధ్య కార్మికులకు, వంటవారికి వెనక దారి అని ప్లానులో గీస్తే ఆ అంటరానితనానికి సిమెంటుతో కొత్త రూపం ఇచ్చినట్టే. వెనక ద్వారం సామాన్లకు ఉండనివ్వండి, మనుషులు మాత్రం ముందు నుంచే రావాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా.

ర్యాంపు వాలు 1:12కి మించకూడదు. అంటే రెండడుగుల ఎత్తుకు 24 అడుగుల పొడవు కావాలి, మధ్యలో ఆగడానికి ఐదడుగుల చదును ఉంటే మేలు. స్థలం చాలదని నిటారుగా కట్టిన ర్యాంపు ఎవరికీ పనికిరాదు. అదృష్టం కొద్దీ విశాఖలో ఏటవాలు స్థలాలు చాలా ఉన్నాయి. రోడ్డు, హాలు ఒకే మట్టంలో కలిసే వైపు వాకిలి పెట్టుకుంటే ర్యాంపే అక్కర్లేకపోవచ్చు.

3. కుళాయిలు, మరుగుదొడ్లు

వాకిలి పక్కనే తక్కువ ఎత్తులో నాలుగైదు కుళాయిలు, వాటి ఎదుట కూర్చునే గట్టు కట్టండి. నమాజుకు ముందు వజూ చేసుకునేవారికి (అంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కునేవారికి), పూజకు ముందు కాళ్లు కడుక్కునేవారికి, బీచ్ నుంచి ఇసుక కాళ్లతో వచ్చే పిల్లలకు అదే గట్టు సరిపోతుంది.

మరుగుదొడ్డిలో కూర్చునే దిశను చాలామంది పట్టించుకోరు. విశాఖ నుంచి మక్కా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. ముస్లింలు ఆ దిక్కుకు ముఖం గానీ వీపు గానీ పెట్టి కూర్చోరు. వాస్తు చూసేవారు కూడా ఉత్తర, దక్షిణాలే కోరతారు. కాబట్టి బేసిన్లను ఉత్తర–దక్షిణంగా అమర్చితే పైసా అదనపు ఖర్చు లేకుండా ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది. కనీసం ఒక గది చక్రాల కుర్చీ తిరిగేలా, లోపల ఐదడుగుల ఖాళీతో ఉండాలి.

4. వంటశాల

వంటశాల ఆగ్నేయంలోనే ఉండాలని పెద్దలు పట్టుబడతారు. మన సముద్రం ఉన్నదీ ఆ వైపే. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే చేపల వేపుడు వాసన, కట్టెల పొగ తిన్నగా హాలులోకి వస్తాయి. శాకాహారులకూ మాంసాహారులకూ మాటా మాటా పెరిగేది అక్కడే. దిక్కు మార్చకుండానే దీన్ని పరిష్కరించవచ్చు. వంటశాలను హాలుకు ఆనించకుండా విడిగా కట్టి, హాలు వైపు గోడకు కిటికీలు లేకుండా చూసి, ఎత్తైన పొగగొట్టం పెట్టండి. లోపల రెండు వంట గట్లు, రెండు తొట్లు, వేర్వేరు పారుదల ఉండాలి. బిర్యానీ వండే పెద్ద పాత్ర డేగ్‌కైనా పండగ ప్రసాదానికైనా సరిపడేలా బయట కప్పు కింద కట్టెల పొయ్యికి చోటు వదలండి.

5. వేదిక కన్నా ఆరుబయలు ముఖ్యం

అరకు, పాడేరు ప్రాంతాల గిరిజన నృత్యం ధింసాను తీసుకోండి. పదిహేను ఇరవై మంది మహిళలు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు కలిపి, తుడుము అనే వాద్యం మోతకు అడుగులు వేస్తూ వలయంగా, మెలికలుగా కదులుతారు. దాన్ని నాలుగడుగుల ఎత్తు వేదిక మీదికి ఎక్కిస్తే ఆ వలయం సగానికి తెగిపోతుంది. అందుకే హాలు ముందు కనీసం 40 అడుగుల చదునైన నేల, చుట్టూ కూర్చునే మెట్లు ఉంచండి. దుర్గాపూజకూ ఇఫ్తార్‌కూ క్రిస్మస్ పాటలకూ అదే పనికొస్తుంది. లోపలి వేదిక విడదీసి పక్కన పెట్టగలిగే చెక్కదైతే చాలు.

6. తుఫాను రాత్రి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రేకుల కప్పులు, అద్దాల ముఖభాగాలు ఏమయ్యాయో నగరం చూసింది. అలాంటి రాత్రి కాలనీవాసులు తలదాచుకునేది ఈ హాలులోనే కాబట్టి స్లాబు కప్పు, చెక్క తలుపుల కిటికీలు, బాలింతలకు తెరచాటు గది తప్పనిసరి.

7. ముఖభాగం, బోర్డులు

ఓడరేవు ముఖద్వారం దగ్గర వేంకటేశ్వర స్వామి గుడి, ఇస్హాక్ మదీనా దర్గా, రాస్ హిల్ చర్చి మూడు కొండల మీద ఉన్నాయి. వాటిని చూసి హాలు ముందు గోపురం, గుమ్మటం, శిలువ అతికించాలనే ఆలోచన తరచూ వస్తుంది. వద్దు. మూడింటిలో లేనివారు బయటివారవుతారు. పార్టీ రంగులూ వద్దు, కులం పేరూ వద్దు. బోర్డుల మీద తెలుగు, హిందీ, ఒడియా, ఇంగ్లిషు, పక్కన బొమ్మ ఉంటే చదవలేనివారికి కూడా దారి తెలుస్తుంది.

8. ముగ్గు పోసి నడిపించండి

పునాది తవ్వే ముందు ఎలాగూ ముగ్గు పోస్తారు. ఆ రోజు మొదట అడిగినవారందరినీ పిలిచి గీతల మధ్య నడిపించండి. చక్రాల కుర్చీని తోసి చూడండి, డేగ్ మోసేవారిని మలుపు తిరగమనండి. గోడ లేచాక మార్చాలంటే డబ్బు, ముగ్గు దశలో చీపురు చాలు.

చివరగా నిర్వహణ నియమాలను ప్లానుతోపాటే రాసుకోండి. అందరికీ ఒకే అద్దె, ముందు అడిగినవారికి ముందు, బుకింగు పుస్తకం వాకిట్లో అందరికీ కనిపించేలా ఉండాలి. ఎవరికైనా హాలు ఇవ్వకపోతే కారణం అదే పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. తాళం చెవులు ఒకే ఇంట్లో ఉండకూడదు.