కారు సస్పెన్షన్ పాఠాలు – 4: స్వే బార్ మందం పెంచితే ఏమవుతుంది?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వదిలాను: స్ప్రింగులు ముట్టుకోకుండా, మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించడం ఎలా? జవాబు స్వే బార్. మన షెడ్లలో స్టెబిలైజర్ బార్ అని అడిగితేనే తెలుస్తుంది.

ముందు ఒక చిన్న ప్రయోగం. మూరెడు పొడవున్న మందపాటి జీఐ తీగను యూ ఆకారంలో వంచండి. నడిమి భాగాన్ని టేబుల్ అంచున పెట్టి, ఇంట్లో ఎవరినైనా రెండు చోట్ల వేళ్లతో వదులుగా అదిమి పట్టుకోమనండి. రెండు కొసలనూ ఒకేసారి పైకెత్తితే తీగ హాయిగా తిరుగుతుంది. ఒక కొసను పైకి, రెండోదాన్ని కిందికి నొక్కితే మాత్రం మెలిపడుతూ మొరాయిస్తుంది. కారు కింద ఉన్నదీ ఇదే. వేళ్ల స్థానంలో బాడీకి బిగించిన రెండు రబ్బరు బుష్‌లు, కొసల దగ్గర చక్రాల వైపు కలిపే లింక్ రాడ్లు. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్‌కు పని లేదు. మలుపులో బయటివైపు సస్పెన్షన్ నొక్కుకుని, లోపలివైపు సాగినప్పుడే అది మెలిపడి కారును నిలబెట్టాలని చూస్తుంది.

ఇక మందం సంగతి. మెలికకు బార్ ఎదురొడ్డే బలం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 20 మి.మీ. బార్ తీసి 22 మి.మీ. వేశారనుకోండి: 1.1ని నాలుగుసార్లు గుణిస్తే 1.46. అంటే రెండు మిల్లీమీటర్లకే 46 శాతం ఎక్కువ. 25 మి.మీ. వేస్తే దాదాపు రెండున్నర రెట్లు. అలాగని కారు ఒరగడం అదే లెక్కన తగ్గదు, ఆ పనిలో స్ప్రింగులకూ వాటా ఉంది కదా. బార్ చేతుల (యూలో వంగి ఉన్న రెండు పక్క భాగాల) పొడవూ లెక్కలోకి వస్తుంది: 25 సెం.మీ. చేతిని 23కి తగ్గిస్తే గట్టిదనం సుమారు 18 శాతం పెరుగుతుంది. అడ్జస్టబుల్ బార్లకు కొసల్లో రెండు మూడు రంధ్రాలు ఉండేది ఇందుకే. లోపల బోలుగా ఉన్న బార్ చూసి మోసం అనుకోకండి. బయట 24, లోపల 16 మి.మీ. ఉన్న గొట్టం అదే మందం గట్టి కడ్డీలో 80 శాతం బలం ఇస్తుంది, బరువు మాత్రం 56 శాతమే.

అసలు పాఠం ఇప్పుడు మొదలవుతుంది. కారు తక్కువ ఒరుగుతోంది కాబట్టి గ్రిప్ పెరిగింది అనుకుని చాలామంది పప్పులో కాలేస్తారు. 1200 కిలోల కారు, భూమికి 0.55 మీటర్ల ఎత్తులో గరిమనాభి, చక్రాల మధ్య 1.5 మీటర్ల వెడల్పు. 0.7 జీ (గురుత్వ త్వరణంలో 0.7 వంతు) పక్క త్వరణంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి 308 కిలోల బరువు మారుతుంది (1200 × 0.7 × 0.55 ÷ 1.5). ఏ బార్ వేసినా ఈ మొత్తం దాదాపు అంతే. దానిలో ముందు జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అన్నదే బార్ చేతిలో ఉంటుంది.

అయితే ఏమిటంటారా? టైరు మీద బరువు రెట్టింపైతే గ్రిప్ రెట్టింపు కాదు. లెక్క కోసం అంకెలు వేసుకుందాం. ఒక జతలో ఒక్కో టైరు మీద 300 కిలోలు ఉన్నప్పుడు మొత్తం గ్రిప్ 600 అనుకోండి. మలుపులో అది 450, 150గా చీలితే బయటి టైరు 415, లోపలిది 158 ఇస్తుంది. మొత్తం 573. ఎక్కడ బార్ మందంగా ఉంటే అక్కడి జత ఎక్కువ బరువు మార్పిడి మోసి, ఎక్కువ గ్రిప్ పోగొట్టుకుంటుంది. కాబట్టి వెనక బార్ మందం పెంచితే వెనక పట్టు తగ్గి, ముక్కు చురుగ్గా మలుపులోకి తిరుగుతుంది. ముందు బార్ పెంచితే స్టీరింగ్ తిప్పినా ముక్కు బయటికి పోయే గుణం, అంటే అండర్‌స్టీర్, ఎక్కువవుతుంది.

ఈ సూత్రం తిరగబడే చోటు ఒకటుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లలో ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు కాలుగా ఉండే సస్పెన్షన్. కారు బాగా ఒరిగితే బయటి టైరు తన అంచు మీద నిలబడుతుంది. అలాంటప్పుడు ముందు బార్ కాస్త పెంచితే టైరు సమంగా ఆని, ముందు పట్టు పెరగనూ వచ్చు.

స్విఫ్ట్ లాంటి కార్లకు వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాల చేతులనూ కలిపే అడ్డ దూలం ఉంటుంది. ఆ బీమ్ తానే మెలిపడి బార్ పని చేస్తుంది. బయట అమ్మే వెనక బార్ కిట్లు ఈ బీమ్‌కు సమాంతరంగా బిగించేవే. వీటితో ఘాట్ రోడ్డులో కారు భలే తిరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ కంపెనీ కావాలనే కొంత అండర్‌స్టీర్ పెట్టి పంపుతుంది. భయపడ్డ డ్రైవర్ యాక్సిలరేటర్ వదిలేస్తాడు, ముక్కు దారిలోకి వస్తుంది. వెనక మరీ గట్టిపడ్డ కారులో, తడి రోడ్డు మీద, మలుపు మధ్య కాలు తీస్తే వెనక భాగమే బయటికి జారుతుంది. ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకు నేనైతే బార్ మందంలో ఒక సైజు దాటి వెళ్లను.

మన రోడ్ల మీద ఇంకో చిక్కు. ఒక చక్రం గుంతలో పడితే ఆ కుదుపు బార్ గుండా రెండో వైపుకీ పాకుతుంది, లోపల తలలు కుడి ఎడమలకు ఊగుతాయి. జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో కొండదారి కోసం ముందు బార్‌ను బటన్‌తో విడదీసే ఏర్పాటు ఉన్నది అందుకే.

బిగించేటప్పుడు రెండు చక్రాలూ సమానంగా లేపండి. ఒక వైపే జాకీ వేస్తే బార్ మెలిపడి ఉంటుంది, బోల్టు ఊడగానే చేతికి తగులుతుంది. స్టాండ్లు లేకుండా కిందికి దూరవద్దు. చివరి బిగింపు కారు నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే. పాలీయూరితేన్ బుష్‌లకు సిలికాన్ గ్రీజు రాయాలి. మామూలు గ్రీజు రబ్బరు బుష్‌లకు తగిలితే అవి ఉబ్బి పాడవుతాయి. బార్ మందం పెరిగితే బ్రాకెట్ల మీద భారమూ పెరుగుతుంది, కొన్నాళ్లకోసారి పగుళ్లు చూడండి. మారుతి 800లో మాత్రం ప్రయోగాలు వద్దు. అందులో ముందు బార్ కింది ఆర్మ్‌ను (చక్రాన్ని కింద బాడీకి కలిపే చేతిని) ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచే పని కూడా చేస్తుంది.

ఈ వారం అభ్యాసం: కారు కింద బార్ మందాన్ని వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. లింక్ రాడ్‌ను చేత్తో ఆడించండి, వదులుగా ఉందా? గతుకుల్లో టక్ టక్ శబ్దం వస్తోందా? వస్తుంటే కొత్త బార్ కొనే ముందు బుష్‌లు, లింక్ రాడ్లు మార్చి, టైర్లలో గాలి సరిచేసి, అదే రోడ్డులో అదే వేగంతో నడిపి చూడండి. తర్వాత 2 మి.మీ. మందం పెంచితే మీ బార్ ఎన్ని రెట్లు గట్టిపడుతుందో లెక్క కట్టి ఉంచండి. వచ్చే పాఠంలో క్యాంబర్ (చక్రం నిలువుకు ఒరిగే కోణం), టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కోణాలకు ఆ అంకె కావాలి.