పాత టేకు తలుపుతో నగల పెట్టె

పాత పెంకుటిల్లు ఎక్కడ కూలుస్తున్నారని తెలిసినా నా కన్ను ముందు తలుపుల మీదే పడుతుంది. రాజమండ్రిలో పాత కలప అమ్మేవాళ్ళకి నా ముఖం బాగా గుర్తు. తలుపు రెక్క మొత్తం అక్కర్లేదండీ, విరిగిన ముక్కైనా చాలు. 34 అంగుళాల పొడవు, 4 అంగుళాల పైచిలుకు వెడల్పు ఉంటే నగల పెట్టె గోడలు నాలుగూ అందులోంచే వస్తాయి. ఏళ్ళ తరబడి ఆరిన టేకు కాబట్టి, కొత్త కలపలా రేపు వంకరపోతుందేమో అన్న టెన్షన్ తక్కువ.

సామిల్లుకి ఇచ్చే ముందు మేకులన్నీ పీకేయండి. విరిగి లోపల ఉండిపోయినవి కంటికి కనపడవు, అయస్కాంతం పెట్టి వెతకాలి. ఒక్క మేకు తగిలినా రంపం పళ్ళు పోతాయి, మిల్లు వాడు మళ్ళీ మీ చెక్క ముట్టుకోడు. ముప్పావు అంగుళం మందానికి కోయించి, చిత్రిక పట్టి అర అంగుళానికి తెచ్చుకోండి. టేకులో సిలికా ఉంటుంది, చిత్రిక ఉలి తొందరగా మొద్దుబారుతుంది, నూరుడు రాయి పక్కనే ఉండాలి. పొడికి కొందరికి దురద వస్తుంది, ముక్కుకి మాస్కు కట్టుకోండి.

నేను చెప్పే పెట్టె 9 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 4 ఎత్తు. చాలామంది పెట్టె చేసి దాని మీద నగిషీలు, ఇత్తడి పూలు, రంగులు ఎక్కిస్తారు. నాకు మాత్రం టేకు గీతలు ముందు గోడ మీద మొదలై, మూల తిరిగి, పక్క గోడ మీదకి తెగకుండా సాగిపోతే చాలు. దానికి మించిన అలంకారం కనపడలేదు. అందుకే నాలుగు గోడలూ ఒకే పలకలోంచి, ఒకే వరసలో రావాలి. సుద్దతో రాసుకోండి: పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. ఈ వరస చెదరకూడదు. మూడు మూలల్లో గీతలు కలుస్తాయి. నాలుగో మూలలో పలక మొదలూ చివరా ఎదురవుతాయి కాబట్టి అక్కడ కలవవు. ఆ మూలని వెనక్కి తిప్పేయండి.

కొసలన్నీ 45 డిగ్రీల వాలుకి కోయాలి. చేతి రంపంతో అది కచ్చితంగా రాదు. గీతకి వెంట్రుకవాసి బయటే కోసి, 45 డిగ్రీల వాలున్న దిమ్మె ఒకటి చేసుకుని, ముక్కని దానికి ఆనించి చిత్రికతో తేల్చండి. ఎదురెదురు గోడల పొడవు స్కేలుతో చూడకండి. రెంటినీ వీపుకి వీపు ఆనించి, కొసల మీద వేలిగోరు లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకూడదు. ఇక్కడ తేడా ఉంటే తర్వాత ఏ క్లాంపూ (చెక్కల్ని నొక్కి పట్టే బిగింపు) దాన్ని సరిచేయలేదు.

లోపలి వైపు పైనా కిందా అంచుకి 5 మిల్లీమీటర్ల దూరంలో గాడి తీయండి. ట్రిమ్మర్, అంటే గాళ్ళు తీసే చిన్న కరెంటు మిషన్, ఉంటే పది నిమిషాల పని. అడుగుకి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాన్ని జిగురుతో అంటించేయొచ్చు. పైకప్పుకి మాత్రం టేకు పలకే పెడతాను. దాని అంచుల్ని గాడిలో పట్టేలా పల్చగా చెక్కి, అడ్డంగా ఒక్కో వైపు 1 మిల్లీమీటరు ఖాళీ వదలండి. దీనికి జిగురు పెట్టొద్దు. చెక్క పొడవునా కదలదు గానీ అడ్డంగా వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. జిగురుతో బిగించేస్తే ఏదో ఒక ఋతువులో పలక చీలుతుంది, లేదా మూల విచ్చుకుంటుంది. పలకకి పాలిష్ కూడా బిగించకముందే పట్టాలి, లేకపోతే కుంచించుకున్నప్పుడు అంచున పాలిష్ లేని గీత బయటపడుతుంది.

బిగించడానికి క్లాంపులు లేకపోయినా పర్లేదు. నాలుగు గోడల్నీ బయటి వైపు పైకి ఉండేలా వరసగా కొస కొస తగిలించి పరిచి, అతుకుల మీద వెడల్పు ప్యాకింగ్ టేపు గట్టిగా లాగి అంటించండి. తిరగేస్తే మూడు లోయలు కనిపిస్తాయి. టేకుకి సహజంగా నూనె ఉంటుంది, అందుకని జిగురు పెట్టబోయే ముందు కోతల్ని స్పిరిట్ గుడ్డతో తుడవండి. కొసలు ఫెవికాల్ని పీల్చేస్తాయి కాబట్టి ముందు పల్చగా ఒక పూత, నాలుగైదు నిమిషాలాగి మళ్ళీ ఒకటి. అడుగు, పైకప్పు గాళ్ళలో పెట్టి చాపలా చుట్టేసి, నాలుగో మూల టేపుతో కట్టేయండి. మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిస్తే సమానం రావాలి. రాత్రంతా వదిలేయండి.

పొద్దున్నే చేతిలో ఉండేది మూత లేని, తెరుచుకోని దిమ్మె. ఇది చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. మూత విడిగా చేసి పెట్టెకి కుదర్చడం కంటే, మూసిన పెట్టె చేసి మూతని కోసి తీయడమే మేలు. అప్పుడే గీతలు మూత మీద నుంచి కిందికి కూడా తెగకుండా కలుస్తాయి.

కోసే ముందు మూలలకి బలం ఇవ్వాలి. ఒక్కో మూలలో అడ్డంగా 12 మిల్లీమీటర్ల లోతు సన్నని రంపపు గాట్లు పెట్టండి, మూత భాగంలో ఒకటి, కింద రెండు. అందులో తెల్లటి అంకుడు కర్ర పలుచని బిళ్ళలు జిగురుతో దూర్చి, ఆరాక అంచులు చిత్రిక పట్టేయండి. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఈ అంకుడుతోనే. టేకు గోధుమరంగు మీద ఆ తెల్ల గీతలు భలే నప్పుతాయి.

పై నుంచి అంగుళం కింద చుట్టూ గీత గీయండి. ఒక్క వైపే లోతుగా కోసుకుంటూ పోకుండా, నాలుగు వైపులా పైపైన గాటు తిప్పి, అవి మూలల్లో కలిశాక లోతుకి వెళ్ళండి. మూడు వైపులు తెగాక ఆ సందులో అట్టముక్కలు దూర్చండి, లేకపోతే చివరి వైపు కోసేటప్పుడు మూత కుంగి రంపాన్ని పట్టేస్తుంది. తెగిన అంచుల్ని సమం చేయడానికి వంటగట్టు నుంచి మిగిలిన గ్రానైట్ ముక్క మీద గరుకు కాగితం అంటించి, పెట్టెని బోర్లించి రుద్దండి.

ఇత్తడి మడతబందులు బిగించేటప్పుడు డ్రిల్‌తో రంధ్రం పెట్టి, ముందు అదే సైజు ఇనుప స్క్రూని కొవ్వొత్తి మైనం రాసి ఎక్కించి తీసేయండి. ఆ దారిలోనే ఇత్తడిది బిగించండి. నేరుగా బిగిస్తే ఇత్తడి స్క్రూ తల టేకులో పుటుక్కున తెగిపోతుంది. మూత ముందు అంచున ఏటికొప్పాక లక్క పూత ఉన్న చిన్న గుబ్బ పెట్టుకుంటే బాగుంటుంది. పాలిష్ అయ్యాకే పెట్టండి, స్పిరిట్ తగిలితే ఆ పూత కరుగుతుంది.

పాలిష్ కూడా లక్కే. 100 మిల్లీలీటర్ల పాలిష్ స్పిరిట్‌లో 20 గ్రాముల లక్క రేకులు గాజుసీసాలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టండి. పొయ్యికి దూరంగా ఉండాలి సుమా. చెక్కని 120, 180, 240 గరుకు కాగితాలతో వరసగా నునుపు చేసి, పాత బనీను గుడ్డలో దూది చుట్టి, లక్క తడిపి, పెట్టె మీద ఎక్కడా ఆపకుండా లాగండి. గుడ్డ ఆగిందా, అక్కడ మచ్చ. అంటుకుంటున్నట్టు అనిపిస్తే గుడ్డ మీద అవిసె నూనె ఒక్క చుక్క. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు, పూత పాలిపోయినట్టు తెల్లబారుతుంది. వేడి కాఫీ గ్లాసు పెట్టి ఎవరైనా తెల్ల మచ్చ చేసినా కంగారు పడక్కర్లేదు, స్పిరిట్ కొద్దిగా తడిపిన గుడ్డ తేలిగ్గా ఒకసారి లాగితే పాత పొరే కాస్త కరిగి సర్దుకుంటుంది.