సంపు మూతకి నురుగు ముద్ద అంటుకుంటే

మే నెలలో రెండు మూడు గట్టి వానలు పడ్డాక బెంగుళూరులో సంపు మూత ఎత్తితే, లోపలివైపు పిడికెడంత తెల్లటి నురుగు ముద్ద కనిపించవచ్చు. సబ్బు నురుగూ కాదు, బూజూ కాదు. చీపురుతో గీకేయకండి. అది చెట్టుకప్ప గూడు. గుడ్లతోపాటు వదిలే జిగురును ఆడకప్ప వెనక కాళ్ళతో కవ్వంలా చిలికి ఈ నురుగు చేస్తుంది. లోపల వందల గుడ్లుంటాయి. కప్ప కూడా అక్కడే ఉంటే తొడల వెనక చూడండి: ముదురు గోధుమరంగు మీద గుండ్రటి పసుపు చుక్కలు. వేళ్ళ చివర చిన్న బిళ్ళలుంటాయి, టైల్స్ గోడైనా ఎక్కేస్తుంది.

వాడే సంపులో గూడు ఉంచలేం. మోటారు లాగేస్తుంది, బ్లీచింగ్ పౌడర్ పడితే ఒక్క పిల్లా మిగలదు. అందుకని మార్చాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: ముద్దను తీసి బకెట్ నీళ్ళలో పడేస్తారు. నురుగు విడిపోతుంది, ఇంకా పొదగని గుడ్లు అడుక్కి చేరి గాలాడక కుళ్ళిపోతాయి. గూడు ఉండాల్సింది నీళ్ళలో కాదు, నీళ్ళపైన.

వెడల్పాటి 25 లీటర్ల టబ్బు తీసుకుని నీడలో పెట్టండి. 15 సెంటీమీటర్ల లోతు నీళ్ళు చాలు. వాననీళ్ళు శ్రేష్ఠం. కుళాయిలో వచ్చే కావేరీ నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక పగలూ ఒక రాత్రీ మూతలేకుండా ఉంచాలి. అంచుల మీద అడ్డంగా రెండు పుల్లలు పెట్టి, వాటిమీద ప్లాస్టిక్ జాలీ ముక్క పరవండి. కంతలు సెంటీమీటరుకి తగ్గకూడదు, పిల్లలు జారిపడాలి కదా. చేతికి సబ్బు, శానిటైజర్ లేకుండా చూసుకుని, తడిపిన అట్లకాడతో గూడును మొదలంటా లేపి జాలీ మీద పెట్టండి. పైపొర కాస్త గట్టిపడి పసుపురంగుకి తిరగడం మామూలే. పూర్తిగా ఎండితే మాత్రం పిల్లలు లోపలే చిక్కుకుంటాయి. రోజూ పొద్దున రెండు సార్లు నీళ్ళు స్ప్రే కొడితే సరి.

మూడు నాలుగు రోజుల్లో తోకకప్పలు ఒక్కొక్కటే నీళ్ళలోకి రాలతాయి. 25 లీటర్లలో ముప్పై నలభై కంటే ఎక్కువ పెంచలేరు. మిగతావాటిని అదే వీధిలో చేపలు లేని తొట్టెలకి పంచండి. గప్పీ చేపలున్న చోట వేస్తే మేత వేసినట్టే. ఊరు దాటించి చెరువులో వదలడం మంచిపని కాదు, కప్పల జబ్బులు నీళ్ళతోపాటే ప్రయాణిస్తాయి.

మేత: ఉడికించిన పాలకూర, బొటనవేలంత ముక్క, రెండు రోజులకోసారి. మిగిలింది సాయంత్రానికి తీసేయాలి. నీళ్ళు వాసనొచ్చి, అన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే మేత ఎక్కువైంది. మూడోవంతు నీళ్ళు మార్చండి, ఒకేసారి అన్నీ పారబోయొద్దు.

నిలవనీళ్ళలో దోమలు పెరుగుతాయన్న గొడవ నిజమే. డెంగీ రోజుల్లో పక్కింటివాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. పిల్లలన్నీ రాలి జాలీ తీసేసిన రోజే టబ్బుకి దోమతెర బిగించి తాడు కట్టండి.

సుమారు రెండు నెలలకి ముందుకాళ్ళు వస్తాయి. ఇంత పెంచాక ఎక్కువ చనిపోయేది ఇప్పుడే. ఊపిరితిత్తులతో బతకాల్సిన పిల్ల ఎక్కడానికి చోటు లేక మునిగిపోతుంది. నీళ్ళు 5 సెంటీమీటర్లకి తగ్గించి, బయటికి వాలుగా ఒక కర్ర ఆనించి, రాత్రిళ్ళు తెర ఒక మూల వదులు చేయండి.

కుండీ మట్టి మారుస్తుంటే బయటపడే బొద్దు కప్ప సంగతి వేరు. అది మట్టిలో ఉండే జాతి. 2020లో నగర శివార్లలో దొరికిన ఇలాంటి ఒక కొత్త జాతికి బెంగుళూరు పేరే పెట్టారు. కుండీలో దొరికిన బొద్దు కప్పను టబ్బులో వేయకండి. తడి మట్టి మీద పెట్టి పక్కకి జరగండి. వెనక కాళ్ళ గట్టి అంచుతో మట్టి తోసుకుంటూ వెనక్కి వెనక్కి దిగుతుంది, చివరికి రెండు కళ్ళు మాత్రమే కనిపిస్తాయి, తర్వాత అవీ ఉండవు.